విద్యుత్తునకు అంచెగుఱ్ఱము



పూర్వకాలమున తపాలా మోయు గుఱ్ఱము ఒక్క పరుగున దూరదేశము చేరెడిది కాదు. కొన్ని యామడల కొక మజిలీ యుండెడిది. అలసిన గుఱ్ఱమును అచ్చట విడిచి, సిద్ధముగా నిలిపిన క్రొత్త గుఱ్ఱము నెక్కి వార్తాహరుడు ముందునకు సాగెడివాడు. దీనిని మనవారు అంచె యనిరి. ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషునకు వచ్చిన రిలే యను మాటకును ఇంచుమించుగా అర్థ మిదియే. వేటలో అలసిన కుక్కలకు బదులుగా దారిలో నిలిపియుంచిన క్రొత్త కుక్కలకు మొదట ఆ పేరు చెల్లినది. పిమ్మట బాటసారుల గుఱ్ఱములకును చెల్లినది. కడపట విద్యుచ్ఛాస్త్రమునకు వచ్చి చేరినది.

నేడు నేను చెప్పబోవు రిలే బొటనవ్రేలంత పరికరము. అందొక తీగచుట్ట, చుట్టలో ఇనుపకడ్డీ, దాని యెదుట కదలెడు రేకు, ఆ రేకును వెనుకకు లాగు స్ప్రింగు, కొన్ని లోహపు కాంటాక్టులు ఉండును. చుట్టలో ప్రవాహము పారినప్పుడు ఇనుము అయస్కాంతమై రేకును లాగును. రేకు ఒక కాంటాక్టును విడిచి మఱొక కాంటాక్టును తాకును. ప్రవాహ మాగినతోడనే స్ప్రింగు దానిని యథాస్థానమునకు చేర్చును. చుట్టలోని ప్రవాహమునకును కాంటాక్టులలో పారు ప్రవాహమునకును కలయిక లేదు. మొదటిది ఆజ్ఞ, రెండవది పని. ఆజ్ఞ వచ్చినప్పుడు రిలే యేమి చేయునో అందఱు నడుగుదురు. ఆజ్ఞ రానప్పుడు అది యేమి చేయునో ముందుగా అడుగవలె నన్నది దాని చరిత్ర నేర్పు పాఠము. ఈ ప్రసంగమున నేను విన్నవింపదలచినది యింతమాత్రమే.

1820వ సంవత్సరమున కోపెన్‌హేగన్ నగరమున ఎర్‌స్టెడ్ పండితుడు, ప్రవాహము పారు తీగచెంత దిక్సూచి ముల్లు చలించుటను కనుగొనెను. ఆ తరువాత అయిదేండ్లకు ఇంగ్లండులో విలియం స్టర్జియన్ అనునతడు, వంచిన యినుపకడ్డీపై తీగ చుట్టి, ప్రవాహ మున్నంతసేపు మాత్రమే బరువెత్తు అయస్కాంతమును చూపెను. ఆతడు చుట్టినది ఒట్టి తీగ. అందువలన చుట్టునకు చుట్టునకు ఎడము విడువవలసివచ్చెను. అమెరికాలో ఆల్బనీ పట్టణపు బడిలో గణితము బోధించుచుండిన జోసెఫ్ హెన్రీ ఆ తీగకు గుడ్డ తొడుగు తొడిగి, చుట్టుమీద చుట్టుగా దట్టముగా చుట్టెను. ఇట్లొక ఉపాధ్యాయుడు తరగతి గదుల నడుమ చేసిన పనివలన విద్యుదయస్కాంతమునకు నిజమైన బలము వచ్చినది. ఉపాధ్యాయవృత్తిలో తల నెరసిన నాకు ఈ మాట చెప్పుకొనుటలో కొంత సంతోషము లేకపోలేదు.

హెన్రీ తేల్చిన విషయము మఱొకటి కలదు. దగ్గఱనుండి గొప్ప బరువెత్తవలెనన్నచో లావైన తీగతో కొద్ది చుట్లు చాలును. దూరమునుండి సన్నని తీగ వెంట వచ్చు బలహీనప్రవాహముతో పని చేయింపవలెనన్నచో, సన్నని తీగతో పెక్కు చుట్లు కావలెను. బ్యాటరీ ఘటములను వరుసగా కూర్పవలెను. 1831లో ఆతడు మైలునకు మించిన తీగను గదిలో చుట్టూ త్రిప్పి, దాని చివర నొక గంటను మ్రోగించెను. పిమ్మట ప్రిన్స్‌టన్ కళాశాలకు ఆచార్యుడై వెళ్లి, అచ్చట 1835 ప్రాంతమున ఈ రెండు విధముల అయస్కాంతములను ఒకదానితో నొకటి జోడించెను. దూరమునుండి వచ్చిన చిన్న ప్రవాహము చిన్న అయస్కాంతమును కదల్చెను. అది పెద్ద అయస్కాంతపు వలయమును తెంపెను. పెద్ద అయస్కాంతము పట్టుకొనియున్న బరువులు నేల గూలెను. రిలే జన్మవృత్తాంత మిదియే. ఆ బరువు పడినది ప్రవాహము వచ్చుటచేత గాక పోవుటచేతనని శ్రోతలు గమనింపగోరెదను.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ డేవీ యను వైద్యుడు 1838లో పేటెంటు పొందిన టెలిగ్రాఫులో, అలసిన ప్రవాహమునకు బదులు క్రొత్త ప్రవాహమును ప్రవేశపెట్టు ఏర్పాటును పొందుపఱచెను. ఆ మఱుసటి యేడే ఆతడు ఆస్ట్రేలియాకు వలసపోగా, పని యచ్చట నాగినది. అమెరికాలో మోర్స్ 1844 మే 24న వాషింగ్టనునుండి బాల్టిమోరునకు వార్త నంపినప్పుడు, తీగ కొసను అందుకొనినది రిలేయే. తీగవెంట వచ్చిన కొద్దిపాటి ప్రవాహము రిలేను మాత్రము కదల్చెను. కాగితముపై చుక్కలు, గీతలు వేయు పనిని స్థానిక బ్యాటరీ చేసెను. మన దేశమున 1851లో కలకత్తా డైమండ్ హార్బరుల మధ్య మొదటి తంతి పని మొదలిడినది. 1854లో తంతి సౌకర్యము ప్రజలకు లభించినది. 2013 జూలైలో తంతి సేవ ముగిసినది. తంతి పోయినను అది పెంచిన రిలే పోలేదు.

అమెరికా తంతికచేరీలలో నొక పద్ధతి యుండెడిది. వార్త లేని వేళలందును తీగలో ప్రవాహము పారుచునే యుండును. మీట నొక్కి విడుచుటచే ఆ ప్రవాహమును తెంపి, కలిపి వార్త చెప్పుదురు. దీనివలన బ్యాటరీ వెచ్చమగును. కాని తీగ ఎచ్చటనైన తెగినచో ఆ దారిలోని రిలేలన్నియు ఒక్కమాఱుగా విడివడి, తీగ తెగినదని తామే చాటును. ఐరోపాలో వార్త పంపునప్పుడు మాత్రమే ప్రవాహము నంపు పద్ధతి యెక్కువగా నుండెను. అందు బ్యాటరీ మిగులును. కాని తీగలో నిశ్శబ్దము కలిగినప్పుడు అది వార్త లేమియో, తీగ తెగుటయో తెలియదు.

ఈ భేదమును ప్రాణరక్షణకు వినియోగించినవాడు విలియం రాబిన్సన్. ఆతడు 1872లో అమెరికాలో రైలుపట్టాల వలయమునకు పేటెంటు పొందెను. పట్టాల రెంటిలో ఒక కొసనుండి బ్యాటరీ ప్రవాహము పారును. రెండవ కొసనున్న రిలే ఆ ప్రవాహముచే పట్టుబడి యుండి, దారి ఖాళీగా నున్నదని సంకేతము చూపును. బండి పట్టాల మీదికి వచ్చినచో దాని యిరుసులు ప్రవాహమునకు అడ్డదారి యిచ్చును, రిలే విడివడును, ప్రమాదసంకేతము కనబడును. అంతటితో ముగియలేదు. పట్టా విఱిగినను, తీగ తెగినను, బ్యాటరీ యుడిగినను రిలే విడివడును. అప్పుడును ప్రమాదసంకేతమే కనబడును. రాబిన్సన్ తన రిలేను బలమునకు నమ్మలేదు. అది యోడిపోయినప్పుడు ఏ ప్రక్కకు పడునో ముందుగా నిశ్చయించెను. పందొమ్మిదవ శతాబ్దమున రిలేకు లభించిన గొప్ప వ్యాఖ్యాన మిదియే యని నా యభిప్రాయము.

ఇక రేడియో. 1914లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ నగరవాసి హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను ఔత్సాహికుడు, సమీపమున నున్న స్ప్రింగ్‌ఫీల్డునకు తన సంకేతము చేరక, నడుమనున్న విండ్సర్ లాక్స్ అను నూరిలోని మఱొక ఔత్సాహికునిచేత తన మాటను అందుకొనజేసి ముందునకు పంపించెను. మజిలీలో గుఱ్ఱమునకు బదులు ఇచట మనిషి నిలిచెను. ఈ యనుభవమునుండియే ఆ యేట అమెరికన్ రేడియో రిలే లీగు పుట్టినది. పేరులోనే రిలే యున్నది. కాని అది యినుపరిలే కాదు, మనుష్యుల అంచె. వీరినే లోకము అమెచ్యూర్ రేడియోవారనియు, హాములనియు పిలుచును. వీరు జీతమునకు గాక ప్రీతికై పనిచేయుదురు. పరీక్ష నిచ్చి, లైసెన్సు పొంది, తమకు కేటాయించిన బ్యాండులలో మాత్రమే మాటలాడుదురు.

ఆదిలో ప్రభుత్వములు వీరికి పనికిమాలినదని తలచిన భాగమును విడిచిపెట్టినవి. 1912 నాటి అమెరికా శాసనము వీరిని 200 మీటర్లకు మించని తరంగములకు కట్టివైచినది. కాని 1923 నవంబరులో సుమారు 100 మీటర్ల తరంగముపై అమెరికా ఫ్రాన్సుల ఔత్సాహికులు అట్లాంటిక్ సముద్రమున కావల నీవల నుండి పరస్పరము సంభాషించిరి. పనికిరాని దనుకొనినది రత్నమని తేలినది. 1927 నాటి వాషింగ్టన్ అంతర్జాతీయ సభ ఔత్సాహికులకు 160, 80, 40, 20, 10 మీటర్ల బ్యాండులను పంచియిచ్చెను. 1947లో అట్లాంటిక్ సిటీ సభ 15 మీటర్లను, 1979లో జెనీవా సభ 30, 17, 12 మీటర్లను చేర్చినవి. ఏ తరంగము ఏ వేళ ఏ దూరమునకు పోవునో సూర్యునిబట్టియు, ఋతువునుబట్టియు మాఱుచుండును. 20 మీటర్లు పగలు ఖండాంతరములకు పోవును. 80 మీటర్లు రాత్రి పుంజుకొనును. కావున పనివాడు బ్యాండు మార్చుచుండక తప్పదు.

బ్యాండు మాఱినప్పుడు ఏరియలును మాఱవలెను. తీగ పొడవు తరంగములో సగముండుట సాధారణమైన కొలత. 40 మీటర్లకు 20 మీటర్ల తీగ, 20 మీటర్లకు 10 మీటర్ల తీగ. ఏరియలున కొక్కటి చొప్పున గదిలోనికి కేబులు తెచ్చినచో ఖర్చు పెరుగును, కిటికీ నిండును. అందువలన ఒకే కేబులును స్తంభమువద్దకు కొనిపోయి, అచ్చట నొక పెట్టెలో ఏరియలున కొక రిలేను ఉంచి, గదిలోనుండి చిన్నతీగల ద్వారా ఆజ్ఞ యిత్తురు. నాయొద్ద చదువుకొనిన యొక యువకుడు ఇట్టి పెట్టెను కట్టుచు, రిలేకు తెలుగు పేరు చెప్పుమని నన్నడిగెను. అంచె యని చెప్పితిని. అంగడిలో అంచెలు అనేక విధములుగా నున్నవి, ఏది కొనవలెనని యాతడు మరల నడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరము వెదకుచు నేను తెలిసికొనిన సంగతులను క్రమముగా చెప్పెదను.

మొదటిది చుట్ట. ఇచ్చట హెన్రీ చెప్పిన మాటయే నేటికిని చెల్లును. ఒకే శక్తిని కోరు చుట్టలలో 24 వోల్టులది 12 వోల్టులదానికంటె సగము ప్రవాహమే తీసికొనును. దారితీగలో వృథా యగు శక్తి నాలుగవవంతునకు తగ్గును. స్తంభము దూరమైనకొలది ఈ లాభము పెరుగును. ఎండ సంగతి కూడ తలపవలెను. రోహిణికార్తెలో రోళ్లు పగులు నందురు. ఇక మేడమీది మూసిన పెట్టె సంగతి చెప్పవలెనా? రాగితీగ 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వేడెక్కినచో దాని నిరోధము నూటికి 15 వంతులకు పైగా పెరుగును. చలికాలపు ఉదయమున చక్కగా లాగిన రిలే వేసవి మధ్యాహ్నమున లాగక మొరాయించుటకు కారణ మిది. ఆజ్ఞ నిచ్చు వోల్టేజీలో కొంత మిగులు ఉంచుకొనుట విజ్ఞత.

చుట్టకు మఱొక గుణము కలదు. ప్రవాహమును హఠాత్తుగా తెంపినచో అది యొక పెద్ద వోల్టేజీని ఎదురుకొట్టును. దీనిని స్వయంప్రేరణ మందురు. 1832లో దీనిని ప్రకటించినవాడును హెన్రీయే. ఆ గుణమును కొలుచు మానమునకు నేటికిని ఆతని పేరే యున్నది. ఆజ్ఞ నిచ్చు సున్నితమైన ట్రాన్సిస్టరును ఈ దెబ్బనుండి కాపాడుటకు చుట్టకు అడ్డముగా నొక డయోడును తగిలింతురు. దానివలన రిలే విడివడుట కొంచెము ఆలస్యమగును. బ్యాండు మార్చు పనిలో ఆ యాలస్యము బాధింపదు.

రెండవది కాంటాక్టు. 100 వాట్ల ప్రసారయంత్రము 50 ఓముల కేబులులో 1.4 ఆంపియర్లను, 70 వోల్టులను పుట్టించును. 1000 వాట్లకు 4.5 ఆంపియర్లు, 224 వోల్టులు. ఏరియలు సరిగా కుదరక, స్థిరతరంగ నిష్పత్తి మూడునకు చేరినచో, 1000 వాట్లకే కేబులులో కొన్ని తావుల ప్రవాహము 8 ఆంపియర్లకు సమీపించును, మఱికొన్ని తావుల వోల్టేజీ 380 దాటును. రిలేపై 10 ఆంపియర్లని ముద్రించియున్నదికదా యని నిశ్చింతగా నుండరాదు. ఆ సంఖ్య ఇంటి విద్యుత్తునకు చెప్పినది. సెకండునకు 50 మాఱులు ఊగు ప్రవాహము రాగిలో 9 మిల్లీమీటర్ల లోతువఱకు పారగలదు. సెకండునకు 3 కోట్ల మాఱులు ఊగునది మిల్లీమీటరులో 80వ వంతు లోతునకే పరిమితమై పైపైన పాకును. దారి యిఱుకగుటచే వేడి పెరుగును. కావున ముద్రించిన సంఖ్యలో సగమునకు లోబడి వాడుకొనుట మేలు.

ప్రసారము జరుగుచుండగా కాంటాక్టును మార్చినచో ఎడములో విద్యుత్ జ్వాల లేచి లోహమును కాల్చును. కాంటాక్టు కదలి కుదురుకొనుటకు సెకండులో నూఱవవంతు పట్టుననుకొందము. ఆ వ్యవధి మనకు రెప్పపాటైనను కాదు. జ్వాలకు చాలినంత కాలము. కావున ముందు ప్రసారము నాపి, పిమ్మట రిలేను కదల్చి, ఆ పిమ్మటనే తిరిగి మాటలాడవలెను. ఈ క్రమమును మనిషి జ్ఞాపకమునకు విడువక యంత్రములోనే కట్టుదిట్టము చేయువారు బుద్ధిమంతులు.

జ్వాల కొక చివర; రెండవ చివర మౌనము. అదే కాంటాక్టులోనుండి దూరదేశపు స్వరము వోల్టులో పదిలక్షలవ వంతులుగా వచ్చును. పెద్దబరువునకై చేసిన వెండిమిశ్రమపు కాంటాక్టుపై సన్నని మకిలిపొర పట్టినచో, పెద్దప్రవాహము దానిని చీల్చుకొని పోవును, చిన్నస్వరము చీల్చలేదు. బంగారుపూత కాంటాక్టులకు మకిలి పట్టదు, కాని జ్వాలకు అవి తాళవు. 1947లో హార్వర్డు విశ్వవిద్యాలయపు గణనయంత్రమున ఒక రిలేలో చిమ్మట చిక్కుకొనగా, దానిని తీసి దినచర్యపుస్తకములో అంటించిరి. గాజుగొట్టములో మూసిన రీడు రిలేను బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో నిర్మించుటకు ఒక ప్రయోజన మిట్టి దుమ్ముధూళులనుండి రక్షణయే. గాలిని తీసివేసిన గొట్టములోని వాక్యూము రిలే ఇంకను మేలు, వెల యెక్కువ. సామాన్యగృహస్థుడు 100 వాట్లతో పనిచేయునప్పుడు, మూతవేసిన మంచి పవరు రిలే చాలును.

మూడవది ఎడము. విడివడిన కాంటాక్టుల నడుమ గాలి యున్నను, ఆ రెండు లోహములు చిన్న కెపాసిటరుగా పనిచేయును. దాని విలువ ఒక్క పికోఫారడైనను, 10 మీటర్ల బ్యాండున 100 వాట్లలో సుమారు 8 మిల్లీవాట్లు ప్రక్క ఏరియలునకు కారిపోవును. 160 మీటర్లలో నీ కారుట లెక్కకు రాదు. ఒకే యింట రెండు యంత్రములు పనిచేయునప్పుడు, ఆ 8 మిల్లీవాట్లు రెండవ యంత్రపు వినికిడిని చెడగొట్టుటకు చాలును. కావున ఎడమెక్కువగల రిలేను, లేదా రెండు రిలేలను వరుసగాను ఉంచుదురు.

ఇక నాలుగవది, నేను మొదట సూచించినది. ఆజ్ఞ లేనప్పుడు ఈ రిలే యెచ్చట విశ్రమించును? ఏరియలును రిలే నడిమి కాంటాక్టునకు కట్టి, విశ్రాంతి కాంటాక్టును భూమికి కట్టినచో, గదిలో విద్యుత్తు పోయినప్పుడు ఏరియలులన్నియు తామే భూమిని చేరును. మేఘముల వేళ తీగలపై పేరుకొను స్థిరవిద్యుత్తు నేలలోనికి పోవును. నేరుగా పడు పిడుగును ఏ రిలేయు ఆపలేదు. దానికి కేబులును చేతితో విడదీయుటయే శరణ్యము. అయినను ఇల్లు విడిచి వెళ్లిన దినమున యజమానుని కొఱకు రిలే తానుగా భూమిని పట్టుకొనియుండుట సామాన్యమైన మేలు కాదు. ఇది రాబిన్సన్ చూపిన దారి.

కాని యిచ్చటనే యొక ధర్మసందేహము కలదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనను తెలుగువా డెవ్వడును మఱవలేడు. వేలకొలది ప్రాణములు పోయినవి. తీగలు తెగి, ఊళ్లకు ఊళ్లతో మాట లేకపోయినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ వేళ, హైదరాబాదులో 1983లో నెలకొల్పబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున భారతీప్రసాద్ గారి బృందము పోర్టుబ్లెయిరులో నుండెను. మిగిలిన దారులు తెగిపోగా ఔత్సాహికుల ఏరియలులే ద్వీపముల క్షేమసమాచారమును లోకమునకు చేర్చినవి. అట్టి దినమున ఆజ్ఞతీగ తెగి, రిలేలన్నియు భూమిని పట్టుకొని కూర్చుండినచో, యంత్రము మంచిదైనను, బ్యాటరీ నిండియున్నను, నోరు మూసినట్లే యగును. ఇంటికి రక్ష యైనది ఊరికి కీడగును.

కాబట్టి నేను నా శిష్యునకు చెప్పినది యిది. వినోదమునకై పెట్టుకొనిన యేరియలులకు విశ్రాంతిస్థానము భూమియే కావలెను. ఆపదలో సేవచేయ నుద్దేశించిన కేంద్రమున, దేశములోపలి దూరములకు అనువైన 40 మీటర్ల ఏరియలును మాత్రము విశ్రాంతిస్థితిలోనే కేబులునకు కలిసియుండునట్లు కట్టవలెను. మిగిలినవి భూమిని చేరును. ఆ యొక్కటి ఆజ్ఞ లేకయే పలుకును. దాని పిడుగు భయమునకు కిటికీవద్ద చేతితో త్రిప్పు పెద్ద స్విచ్చి నొకదానిని భూమికి కట్టి, ఇల్లు విడుచునప్పుడు దానిని త్రిప్పుట నియమముగా పెట్టుకొనవలెను. రిలే మఱచిపోదు గాని ఊహింపలేదు. మనిషి ఊహింపగలడు గాని మఱచును. ఎవరికి తగిన పనిని వారికి అప్పగించుటయే ఈ యేర్పాటులోని మర్మము.

అంగడికి పోయిన పిమ్మట చుట్ట వోల్టులను, కాంటాక్టు ఆంపియర్లను పట్టికలో చూచుకొనవచ్చును. ఆజ్ఞ తెగిన రాత్రి ఏ తీగ దేనిని పట్టుకొని యుండవలెనో ఏ పట్టికయు చెప్పదు. అంగడికి పోకమున్నే కాగితముపై దానిని వ్రాసికొనినవారికి తక్కిన యెన్నిక సులభమగును. తీరప్రాంతమున పెట్టె కట్టుకొను యువకులు, ఈ సంవత్సరపు తుపానుల కాలము రాకముందే, ఒక దినము ఆజ్ఞతీగను కావలెనని విడదీసి, తమ కేంద్రము ఏమగునో పరీక్షించి చూచుకొందురుగాక. సెలవు.